గరాజ్ కబుర్లు: నూనె లోపలే ఉండాలి

కిందటి సంచికలో గొలుసూ గేర్ల సంగతి రాశాక వచ్చిన ఫోన్లలో సగానికి పైగా బ్రేకుల గురించే. "మావాడు డిస్క్ బ్రేకులున్న మౌంటెన్ బైకే కావాలని పట్టుబట్టాడండీ, ఏది కొనమంటారు?" అని కొందరు. "కొని ఆరు నెలలైంది, బ్రేకు పట్టుకుంటే వీధి వీధంతా వినపడేట్టు కీచుమంటోంది, ఏం చెయ్యమంటారు?" అని మరికొందరు. నన్నడిగితే ఈ రెండూ ఒకే ప్రశ్న. కొనేటప్పుడే ఆ బ్రేకుని ఇంట్లో ఎవరు చూసుకుంటారో, ఏ సామానుతో చూసుకుంటారో ఆలోచించుకుంటే రెండో ఫోను చెయ్యాల్సిన పని చాలావరకు ఉండదు. అంచేత ఈసారి శీర్షిక మొత్తం బ్రేకులకే.

మౌంటెన్ బైకు చరిత్రలో మొదటి తలనొప్పి బ్రేకే. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మెరిన్ కౌంటీలో ఫెయిర్‌ఫాక్స్ అని చిన్న ఊరుంది. ఆ పక్క కొండ మీద ఒక మట్టి రోడ్డు, సుమారు రెండు మైళ్ళ దూరంలో 1,300 అడుగులు కిందికి దిగుతుంది. 1970లలో జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ వంటి కుర్రాళ్ళు పాతకాలపు బండ సైకిళ్ళను బాగుచేసుకుని ఆ రోడ్డు మీద పైనుంచి కిందికి పందేలు వేసుకునేవారు. మొదటి పందెం 1976 అక్టోబరు 21న జరిగింది. ఆ సైకిళ్ళకు ఉన్నది వెనక హబ్బులో ఉండే కోస్టర్ బ్రేకు, అంటే పెడలు వెనక్కి తొక్కితే పట్టుకునేది. కొండ దిగేసరికి హబ్బు వేడెక్కిపోయి లోపలి గ్రీజు పొగలు కక్కుతూ మాడిపోయేది. మళ్ళీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు దట్టించాల్సిందే. అలా తిరిగి దట్టించడాన్ని ఇంగ్లీషులో రీప్యాక్ అంటారు కనక, ఆ రోడ్డుకి రీప్యాక్ అనే పేరే స్థిరపడిపోయింది.

పిల్లలూ, గ్రీజు ఎందుకు మాడిందో ఒక లెక్క వేద్దాం. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు అనుకోండి. 1,300 అడుగులంటే 396 మీటర్లు. 85ని 9.8తో, వచ్చినదాన్ని 396తో గుణించండి. దాదాపు 3 లక్షల 30 వేల జౌళ్ళు. ఒక లీటరు నీళ్ళను మామూలు గది వేడి నుంచి మరిగేదాకా కాచడానికి సరిగ్గా ఇంతే వేడి కావాలి. గాలి కొంత, నేల రాపిడి కొంత తీసుకోగా మిగిలినదంతా బ్రేకులే మింగాలి. ఇంటికొచ్చిన ఆరుగురు చుట్టాలకు టీ పెట్టేంత వేడి చెయ్యంత లేని ఇనప రేకుల్లో పుడుతుందన్నమాట. ఇప్పటి డిస్క్ బ్రేకులో ఆ రేకు చక్రం మధ్యలో, బురదకి దూరంగా, గాలికి ఎదురుగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది. రిమ్ము మీద రబ్బరు నొక్కే బ్రేకు తడిస్తే జారుతుంది, రిమ్ము వంకరపోతే తగులుతుంది. డిస్క్‌కి ఆ బాధలు తక్కువ. దాని బాధలు వేరే ఉన్నాయి, వాటికే వస్తున్నాను.

ముందు హైడ్రాలిక్ అంటే ఏమిటో వేళ్ళతో తెలుసుకోవాలి. మనలో చాలామంది హైస్కూల్లో పాస్కల్ నియమం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. ఈసారి పిల్లలతో చేసి చూడండి. మందుల షాపులో సూది లేని సిరంజిలు రెండు కొనండి, 5 మిల్లీలీటర్లది ఒకటి, 20 మిల్లీలీటర్లది ఒకటి. చేపల తొట్టికి గాలి పంపే సన్న గొట్టం ఒక అడుగు. నీళ్ళు నింపి, బుడగ లేకుండా గొట్టంతో రెంటినీ కలపండి. చిన్న సిరంజిని పాప నొక్కాలి, పెద్ద సిరంజిని నాన్న బొటనవేలితో ఆపాలి. పాపే గెలుస్తుంది. పెద్ద సిరంజి వైశాల్యం చిన్నదానికి సుమారు రెండున్నర రెట్లు కాబట్టి బలం కూడా అన్ని రెట్లవుతుంది. (దానికి బదులుగా చిన్నది ఎక్కువ దూరం నడవాలి. ఊరికే ఏదీ రాదు.) ఇప్పుడు గొట్టంలోకి కాస్త గాలి బుడగ రానివ్వండి. చిన్న సిరంజి లోపలికి వెళుతుంది గానీ పెద్దది కదలదు. మీ బలమంతా బుడగని నలపడానికే సరిపోతుంది. బ్రేకు మెత్తబడింది, లివర్ స్పాంజిలా ఉంది అంటే లోపల జరుగుతున్నది ఇదే.

సైకిలు మీద చిన్న సిరంజి లివర్‌లో ఉంటుంది. పెద్ద సిరంజి చక్రం దగ్గర కాలిపర్‌లో ఉండే పిస్టన్లు. ఆ పిస్టన్లు రెండు ప్యాడ్లను రోటర్‌కి, అంటే ఆ ఇనప రేకుకి, రెండువైపులా నొక్కుతాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు తమంతట తామే కాస్త కాస్త ముందుకు జరుగుతాయి, పైనున్న చిన్న తొట్టిలోంచి నూనె దిగి ఆ ఖాళీ నింపుతుంది. కేబుల్ బ్రేకుల్లోలాగా నెలకోసారి మర తిప్పి బిగించుకునే పని లేదు. ఇది సౌకర్యమే, కానీ ఇందులోనే ఒక మోసం ఉంది. ప్యాడ్లు అరిగిపోతున్నా లివర్ దగ్గర ఏమీ తెలియదు, తెలిసేసరికి తొట్టిలో నూనె అడుగంటి ఉంటుంది.

మా దగ్గర హైస్కూలు పిల్లల మౌంటెన్ బైకు జట్లు చాలా ఉన్నాయి. 2001లో ఉత్తర కాలిఫోర్నియాలో మొదలైన స్కూలు లీగ్ పెరిగి, 2009లో నైకా అనే జాతీయ సంస్థ అయింది. ఈ మధ్య ఆ జట్లలో మన పిల్లల పేర్లు బాగానే వినబడుతున్నాయి. ఒక శనివారం పొద్దున అలాంటి జట్టు సాధనకి బయల్దేరుతుంటే నేను అక్కడున్నాను. కోచ్ ఒక్కొక్క సైకిలు దగ్గరికీ వచ్చి రెండు లివర్లూ గట్టిగా నొక్కి, అలాగే పట్టుకుని పది లెక్కపెడుతున్నాడు. మనవాళ్ళబ్బాయి ఒకడి ముందు బ్రేకు లివర్ మెల్లగా జారుతూ వచ్చి హేండిల్ బారుకి తగిలింది. "మొన్న బాగానే ఉందంకుల్" అన్నాడు వాడు నావైపు తిరిగి. కోచ్ ఇంకో మాట లేకుండా ఆ రోజుకి వాణ్ణి ఆపేశాడు. తండ్రికి కోపం వచ్చింది. "చూడండీ, కొని తొమ్మిది నెలలు కూడా కాలేదు. ఒక్కరోజుకి ఏమవుతుంది?" అన్నారు. ఆ దారిలో మొదటి మలుపు తర్వాత పావు మైలు ఏటవాలు, పక్కన లోయ. ఏమవుతుందో ఆయనకి నేను చెప్పలేదు, నడిపించుకుని వెళ్ళి చూపించాను. ఆ తర్వాత ఆయన ఏమీ అనలేదు.

చక్రం తీసి చూస్తే ప్యాడ్ల మీద పదార్థం దాదాపు లేదు, వెనకాల రేకే కనిపిస్తోంది. నూనె పిస్టన్ల వెనక్కి దిగిపోయి తొట్టి ఖాళీ అయింది. పైగా ఆ సైకిలుని గరాజ్‌లో ముందు చక్రం కొక్కేనికి తగిలించి నిలువుగా వేలాడదీస్తారట. తొట్టిలో చేరిన గాలి ఆ భంగిమలో గొట్టంలోకి పోయింది. వేలాడదీయడం తప్పు కాదు, నూనె నిండుగా ఉన్న బ్రేకు అలా వేలాడినా ఏమీ కాదు.

ఈ పది లెక్కపెట్టే పరీక్షే ప్రతి ప్రయాణానికి ముందూ మీ ఇంట్లో చెయ్యవలసింది. లివర్ సగం దూరంలో గట్టిగా ఆగాలి, ఆగిన చోటే ఉండాలి. మెత్తగా ఉంటే గాలి. మెల్లగా జారుతుంటే ఎక్కడో కారుతోందని అనుమానించి లివర్ దగ్గరా, గొట్టం చివర్లలోనూ, కాలిపర్ చుట్టూ తెల్ల కాయితం రుమాలుతో తుడిచి చూడండి. తడి తగిలితే ఆ రోజు సైకిలు కదలకూడదు.

ఇక కొనడం సంగతి. పెద్ద దుకాణాల్లో బట్టల పక్కన అమ్మే సైకిళ్ళ మీద "డిస్క్ బ్రేక్స్" అని పెద్ద అక్షరాలుంటాయి. వాటిలో చాలావరకు కేబుల్‌తో లాగే డిస్కులే. కాలిపర్ దగ్గర చూడండి, ఒక చిన్న చెయ్యిలాంటిది ఉండి దానికి సన్నటి ఉక్కుతీగ బిగించి ఉంటే అది కేబుల్ బ్రేకు. నల్లటి గొట్టం నేరుగా కాలిపర్‌లోకి వెళ్ళి మూసుకుపోయి ఉంటే హైడ్రాలిక్. నాసిరకం కేబుల్ డిస్క్ కంటే రిమ్ము మీద పనిచేసే మంచి వి-బ్రేకే నయమని నా అభిప్రాయం. ఏడెనిమిదేళ్ళ పిల్లలు పార్కులో తొక్కే చిన్న సైకిలుకి అదే చాలు. కొండ దిగేవాళ్ళకైతే మాత్రం హైడ్రాలిక్ అవసరం, ముఖ్యంగా చిన్న చేతులకి. ఒక్క వేలితో ఆగే బ్రేకు ఉంటే మిగతా వేళ్ళు హేండిల్‌ని వదలవు.

హైడ్రాలిక్ అనుకున్నాక అందరూ మొదట అడిగేది రెండు పిస్టన్లా, నాలుగా అని. నేను మొదట అడగమనేది లోపల ఏ నూనె అని. సైకిలు బ్రేకుల్లో రెండు కులాలున్నాయి, వాటికి పొత్తు కుదరదు. షిమానో, మగురా, టెక్ట్రో వాళ్ళవి మినరల్ ఆయిల్. హోప్ వాళ్ళవి డాట్ ద్రవం, కార్లలో పోసే జాతి. స్రామ్ వాళ్ళు ఏళ్ళ తరబడి డాట్ వాడి, 2022లో డీబీ8తోనూ 2024లో మేవెన్‌తోనూ మినరల్ వైపు కూడా వచ్చారు కాబట్టి వాళ్ళ బ్రేకైతే పేరు కాకుండా మోడల్ చూసుకోవాలి. లివర్ మూత మీదే ఏ నూనె అన్నది సాధారణంగా రాసి ఉంటుంది.

డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలు. ఆ శాఖ ప్రమాణం ప్రకారం డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా, డాట్ 5.1 అయితే 260 దాకా మరగకూడదు. అయితే డాట్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరాక ఆ అంకెలు 155కీ 180కీ పడిపోతాయి. అందుకే దాన్ని ఏడాదికోసారి మార్చాలి. పైగా అది రంగుని తినేస్తుంది, చర్మానికి మంచిది కాదు. మినరల్ ఆయిల్ తేమని పీల్చదు, రంగు జోలికి పోదు, చేతికి తగిలినా సబ్బుతో కడుక్కుంటే చాలు. కానీ లోపలికి ఎలాగో ఒక నీటిచుక్క దూరితే అది కలవకుండా అడుక్కి చేరుతుంది. అడుగంటే కాలిపరే, అక్కడ వేడి ఎక్కువ. నూరు డిగ్రీలకే ఆ చుక్క ఆవిరవుతుంది. కాబట్టి ఏ జాతీ దోషం లేనిది కాదు. అన్నట్టు డాట్ 5 అని ఇంకోటి ఉంది, అది సిలికోన్. 5కీ 5.1కీ పేరులోనే చుట్టరికం, పనిలో లేదు. దాన్ని దగ్గరికి రానివ్వకండి.

కలిపితే ఏమవుతుందో మా ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇంట్లో చూశాను. కొడుకు సైకిలు బ్రేకు మెత్తబడిందని కార్ల సామాను షాపు నుంచి డాట్ 4 సీసా తెచ్చి మినరల్ ఆయిల్ బ్రేకులో పోశారు. "బ్రేకు నూనె బ్రేకు నూనే కదండీ" అన్నారు. కొన్నాళ్ళకి లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోయి, లివర్ నొక్కితే వెనక్కి రావడం మానేసింది. సీళ్ళు విడిగా దొరకవు. లివరూ, గొట్టమూ, కాలిపరూ మొత్తం మార్చాల్సి వచ్చింది.

పిల్లల సైకిలుకి నేను మినరల్ ఆయిల్ బ్రేకునే సిఫారసు చేస్తాను. కారణం బలం కాదు. గరాజ్‌లో పక్కన పిల్లలుండగా విప్పి పనిచేసుకోవడానికి అదే తేలిక. రెండోది, ప్యాడ్లు ఎక్కడైనా దొరికే మోడల్ కొనండి. అందమైన యూరప్ బ్రేకు పెట్టించి, ప్యాడ్ల కోసం మూడు వారాలు ఎదురుచూసే ఇళ్ళు నాకు తెలుసు. షిమానో డియోర్ తరగతి బ్రేకు, దానికంటే చవకైన ఎమ్‌టీ200 కూడా, పదిహేనేళ్ళ పిల్లవాడికి నిక్షేపంగా పనిచేస్తాయి. 50 కిలోల లోపు వాళ్ళకి రెండు పిస్టన్లు చాలు. నాలుగు పిస్టన్లు బరువైన నాన్నలకీ, పొడుగాటి ఏటవాళ్ళకీ. చిన్నవాళ్ళకి మరీ బలమైన బ్రేకు ఇస్తే ముట్టుకోగానే చక్రం బిగుసుకుపోయి జారతారు.

రోటర్ సైజులు సాధారణంగా 160, 180, 203 మిల్లీమీటర్లు. పెద్దదైతే బలమూ ఎక్కువే, చల్లారడమూ త్వరగానే. 160 నుంచి 180కి మారితే అదే నొక్కుడుకి పన్నెండున్నర శాతం ఎక్కువ పట్టు. ముందు 180, వెనక 160 పెట్టుకోవడం మంచి పద్ధతి, ఎందుకంటే దిగేటప్పుడు బరువు ముందుకు పడుతుంది, ఆపే పని ఎక్కువగా ముందు చక్రమే చేస్తుంది. అయితే మీ ఫోర్కు ఎంత రోటర్ దాకా ఒప్పుకుంటుందో ముందు చూసుకోండి. పాత సైకిలుకి కొత్తగా డిస్కులు పెట్టిద్దామనుకునేవాళ్ళు ఫ్రేముకీ ఫోర్కుకీ కాలిపర్ బిగించే చోటు, హబ్బుకి రోటర్ బిగించే చోటు ఉన్నాయో లేదో చూడాలి. అవి లేకపోతే ఆ ఆలోచన మానుకుని ఆ డబ్బు కొత్త సైకిలుకి దాచుకోవడమే మంచిది.

ప్యాడ్లలో రెసిన్‌వి చప్పుడు చెయ్యవు, చల్లగా ఉన్నప్పుడే పట్టుకుంటాయి, బురదలో త్వరగా అరుగుతాయి. లోహం కలిపినవి వేడికీ వానకీ తట్టుకుంటాయి, కాస్త గోల చేస్తాయి. చవక రోటర్ల మీద "రెసిన్ ప్యాడ్లు మాత్రమే" అని ఇంగ్లీషులో సన్న అక్షరాలతో చెక్కి ఉంటుంది. అది సలహా కాదు, ఆ రోటర్ ఉక్కు మెత్తనిది, లోహపు ప్యాడ్ దాన్ని తినేస్తుంది.

కొన్న రోజే చెయ్యాల్సినవి రెండు. మొదటిది లివర్‌ని పిల్లవాడి చేతికి సర్దడం. లివర్ మీద ఒక చిన్న మర ఉంటుంది, అలెన్ కీతో తిప్పితే లివర్ హేండిల్‌కి దగ్గరవుతుంది. చూపుడు వేలి మొదటి కణుపు లివర్ కొసన ఉన్న వంపులో పడాలి. అలా పడకపోతే లివర్ క్లాంపు వదులు చేసి లోపలికి జరపండి. ఇది చెయ్యకుండా ఎంత ఖరీదైన బ్రేకు కొన్నా వాళ్ళకి అందదు.

రెండోది మన ఇళ్ళకి ప్రత్యేకం. ఇండియాలో సైకిలుకి కుడిచేతి లివర్ ముందు చక్రానిది. ఇంగ్లండులోనూ అంతే. అమెరికాలో ఫెడరల్ నిబంధన ప్రకారమే ఎడమచెయ్యి ముందు, కుడిచెయ్యి వెనక. వేసవి సెలవులకి హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిన మేనల్లుడు మీ అబ్బాయి సైకిలెక్కి, అలవాటు కొద్దీ "వెనక బ్రేకు" అని ఎడమచేతిది గట్టిగా పట్టాడంటే, హైడ్రాలిక్ ముందు బ్రేకు అతన్ని హేండిల్ మీంచి ఎగరేస్తుంది. మా సందులో ఒకడు పచ్చిక మీద పడ్డాడు కాబట్టి నవ్వుకున్నాం. ఎక్కేముందు నిలబెట్టి, ఏ లివర్ నొక్కితే ఏ చక్రం ఆగుతుందో వాళ్ళ చేతే చూపించమనండి.

కొత్త ప్యాడ్లు మొదటి రోజు సరిగా పట్టవు. ప్యాడ్ పదార్థం పల్చటి పొరలా రోటర్‌కి అంటుకున్నాకే పట్టు వస్తుంది. బళ్ళు లేని చోట ఓ మోస్తరు వేగంతో వెళ్ళి, నడక వేగానికి వచ్చేదాకా ఒకే తీరున బ్రేకు పట్టి వదలాలి. పూర్తిగా ఆగకూడదు, చక్రం బిగుసుకోకూడదు. అలా ఒక ఇరవై సార్లు, తర్వాత ఇంకాస్త వేగంతో పది సార్లు. ముందుదీ వెనకదీ విడివిడిగా. పెద్ద పిల్లలకి ఇదొక ఆటలా చెప్పండి, విసుగు లేకుండా చేస్తారు.

ఇప్పుడు ఆ కీచుమనే ఫోన్లకి జవాబు. పొద్దున్నే మంచులో తడిసి అరిచి, రెండు మూడుసార్లు పట్టగానే ఊరుకుంటే అది జబ్బు కాదు. ఎండలోనూ అరుస్తూ, పైగా బ్రేకు సరిగ్గా ఆపకపోతే ప్యాడ్లకి నూనె అంటింది. నూటికి తొంభై ఇళ్ళలో అది గొలుసుకి కొట్టిన స్ప్రే. పక్కనే ఉన్న రోటర్ మీద కంటికి కనపడని తుంపర చాలు. అరుస్తోంది కదా అని కిర్రుమనే తలుపుకి కొట్టినట్టు బ్రేకుకే నూనె కొట్టినవాళ్ళూ ఉన్నారు. గొలుసుకి సీసాలోంచి చుక్క చుక్కగా వెయ్యండి, స్ప్రే డబ్బాని సైకిలున్న గరాజ్‌లో ఉంచకండి. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తో రోటర్ తడమడం కూడా అంతే. రోటర్‌ని అసలు వేళ్ళతో ముట్టుకోకూడదు. పిల్లలూ, ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. కొండ దిగిన వెంటనే రోటర్ పెనంలా కాలుతుంది. తిరుగుతున్న రోటర్ చిల్లుల్లో వేలు పడితే తెగుతుంది. చక్రం ఆగి చల్లారేదాకా దాని జోలికి పోవద్దు.

నూనె అంటిన రోటర్‌ని మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, కొత్త గుడ్డ పెట్టి, గుడ్డకి మురికి అంటనంతవరకు తుడవండి. నీళ్ళు తప్ప వేరే ఏమీ కలపనిది చూసి కొనండి. ప్యాడ్లని గరుకు కాయితం మీద రుద్ది చూడవచ్చు గానీ, నూనె లోపలికి ఇంకిపోయి ఉంటే ఫలితం రెండు రోజులే. కొందరు ఆవెన్‌లో కాలుస్తారు. ఇడ్లీలు తినే ఇంట్లో ఆ కంపు వద్దు. కొత్త ప్యాడ్ల ఖరీదు ఒక పూట హోటలు భోజనం కంటే ఎక్కువ కాదు, పారేసి కొత్తవి వెయ్యండి.

సైకిలు కారులో పెట్టడానికి చక్రం తీసినప్పుడు ఎవరూ లివర్ నొక్కకుండా చూడాలి. మధ్యలో రోటర్ లేకపోతే పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు అతుక్కుపోతాయి, చక్రం మళ్ళీ ఎక్కదు. కొత్త బ్రేకుతో ఒక ప్లాస్టిక్ ముక్క ఇస్తారు, చక్రం తియ్యగానే ప్యాడ్ల మధ్య దాన్ని దోపాలి. అది పోతే దళసరి పెళ్ళికార్డు మడిచి పెట్టండి, మన ఇళ్ళలో వాటికి కొదవ లేదు. పసుపు రాసిన మూల మాత్రం వద్దు. అప్పటికే పిస్టన్లు వచ్చేసి ఉంటే ప్యాడ్లు తీసేసి, టైరు విప్పే ప్లాస్టిక్ పుల్లతో నెమ్మదిగా వెనక్కి నెట్టండి. స్క్రూడ్రైవర్‌తో కాదు.

నెలకోసారి కొలత చూడండి. ప్యాడ్ మీద పదార్థం అర మిల్లీమీటరుకి వస్తే అది పారేసే హద్దు. క్రెడిట్ కార్డు మందం మిల్లీమీటరులో ముప్పాతిక, దానికంటే సన్నబడింది అనిపిస్తే అప్పుడే మార్చెయ్యండి. షిమానో రోటర్ కొత్తది 1.8 మిల్లీమీటర్లు, 1.5కి వస్తే దాని ఆయుష్షు తీరినట్టే. కళ్ళకి ఈ తేడా తెలియదు, కొలిచే పరికరం కావాలి.

లివర్ మెత్తబడితే చేసే వైద్యాన్ని బ్లీడింగ్ అంటారు. పేరు భయంకరం, పని చిన్నది. షిమానో తరహా బ్రేకు విషయం చెబుతాను. చక్రమూ ప్యాడ్లూ తీసి పక్క గదిలో పెట్టండి, నూనె చుక్క వాటి మీద పడకూడదు. పిస్టన్ల మధ్య బ్లీడ్ బ్లాక్ అనే పసుపు ముక్క పెట్టండి. లివర్‌ని నేలకి సమంగా తిప్పి, దాని మీది చిన్న మర విప్పి, అక్కడ గరాటు బిగించి, కొంచెం కొత్త నూనె పొయ్యండి. లివర్ మెల్లగా నొక్కి వదులుతూ, గొట్టాన్ని కింది నుంచి పైకి వేళ్ళతో తడుతూ ఉంటే బుడగలు ఒక్కొక్కటీ గరాటులోకి తేలుతాయి. ఇక రాకపోతే గరాటుకి దాని పుల్ల పెట్టి, తీసి, మర బిగించి, అంతా ఆల్కహాల్‌తో తుడవడమే. చాలాసార్లు ఈ పావుగంట పనే సరిపోతుంది. నూనె నల్లబడి ఉంటే మాత్రం కింద కాలిపర్ నిపుల్‌కి సిరంజి తగిలించి కొత్త నూనెని పైకి నెట్టి పాతది మొత్తం మార్చాలి. మా ఇంట్లో బుడగలు లెక్కపెట్టే ఉద్యోగం పిల్లలదే. డాట్ బ్రేకైతే పద్ధతి వేరు, సిరంజిలు రెండు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. మొదటిసారి షాపు వాళ్ళ దగ్గర నిలబడి చూడండి. ఏ బ్రేకైనా పని అయ్యాక పది లెక్కపెట్టే పరీక్ష చేసి, ఇంటి ముందు సమతలంలో పెద్దవాళ్ళు తొక్కి చూశాకే పిల్లలకి ఇవ్వాలి.

తీసిన పాత నూనెని సింకులోనో కాలవలోనో పొయ్యకండి. సీసాలో పోసి మూతపెట్టి మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి.

ఇండియాకి సైకిలు పట్టుకెళ్ళేవాళ్ళు ఇద్దరు అడిగారు. డాట్ 4 అక్కడ ప్రతి మోటారుసైకిలు మెకానిక్ దగ్గరా ఉంటుంది. సైకిలు మినరల్ ఆయిల్ పెద్ద ఊళ్ళలోని మంచి సైకిలు షాపుల్లోనో, ఆన్‌లైన్‌లోనో వెతుక్కోవాలి. కాబట్టి మీ బ్రేకు మినరల్ అయితే బయల్దేరే ముందే ఇక్కడ బ్లీడింగ్ చేయించుకుని, రెండు జతల ప్యాడ్లు సూట్‌కేసులో వేసుకోండి. అక్కడి మెకానిక్ ఆదరంగా డాట్ పొయ్యబోతే లివర్ మూత మీది అక్షరాలు చూపించండి.

వచ్చే సంచికలో ట్యూబ్ లేని టైర్లు. లోపల పోసే ఆ తెల్ల పాలు బట్టల మీద పడితే ఎలా వదిలించాలని ఇప్పటికే ఒక తల్లి అడిగారు, అక్కడి నుంచే మొదలుపెడతాను.